టీచరమ్మ చెయ్యి మీద సవారీ

నా కళ్ళెదురుగానే నా కూతురికి ఏదో అవుతూ ఉంటే, పెద్దగా చదువుకోనిదాన్ని కాబట్టి అది నేను పోల్చుకోలేకపోతానేమో అన్నదే నాకున్న భయాలన్నిటిలోకీ పెద్దది.

మిగతావి చిల్లర భయాలు. గ్యాసు కట్టానో లేదో, స్కూలు వ్యాను తలుపు సరిగ్గా పడిందో లేదో, అలాంటివి. మా అత్తయ్య నన్ను బెంగల బుట్ట అంటుంది. మా ఆయన లిఫ్టు మెకానిక్కు. ఆయన చేత్తో బాగుచేసిన లిఫ్టు కూడా నేను ఎక్కను, మెట్ల మీదుగానే పోతాను. మా కంపెనీవాళ్ళు చూస్తే నా పరువు పోతుంది, కనీసం తలుపు దాకా వెళ్ళి వెనక్కి రా అంటారాయన.

మా అమ్మాయిని ఇంట్లో పిట్ట అని పిలుస్తాం. తిండి తక్కువ, మాటలు ఎక్కువ. రెండో తరగతిలో ఉండగా దాని క్లాస్ టీచరు నన్ను పిలిపించింది. తీరా వెళ్తే విషయం ఏమిటంటే, పిట్టకి పెన్సిలు పట్టు లేదు. స్కూల్లో అన్నీ పలక లాంటి స్క్రీన్ల మీదే కాబట్టి వేలితో తాకడమే గానీ రాయడం తక్కువ. రాసినప్పుడు అక్షరాలు అటువి ఇటు తిరిగిపోతున్నాయి. ఇంగ్లీషు కలిపిరాత నేర్పించండి, చెయ్యి ఎత్తకుండా రాస్తే అక్షరం దారి తప్పదు అని చెప్పింది. మరి మీరు నేర్పరా అని అడిగాను. సిలబస్‌లోంచి ఎప్పుడో తీసేశారండీ, అసలు నాకే సరిగ్గా రాదు అని నవ్వేసింది. తాళంచెవుల షాపు పైగదిలో ఒక పెద్దావిడ నేర్పుతుందని తనే చెప్పింది.

ఇంటికొచ్చి ఈ మాట చెప్పగానే అత్తయ్య నవ్వింది. ఆవిడ ఫోనుకి నోటితో చెబుతుంది, అది రాసిపెడుతుంది. అది తప్పులతో వచ్చినా ఆవిడకి పట్టింపు లేదు. ఇంటింటికీ కార్లు వచ్చాక పిల్లకి గుర్రపుస్వారీ నేర్పిస్తావా అంది. ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు మా ఇంట్లో లేరు.

తాళంచెవుల షాపు పక్కనుంచి ఇనుప మెట్లు. కింద తాళంచెవి అరగదీసే మిషను గీ మంటుంటే పైన గది నేల సన్నగా జలదరిస్తుంది. ఒకే కిటికీ. కిటికీ కింద పొట్టి బల్ల, బల్లకి ఒకవైపు బెంచీ, ఎదురుగా ఒక కుర్చీ. గోడకి ఏమీ లేవు. మేకులు కొట్టిన గుర్తులు మాత్రం ఉన్నాయి. సిరా వాసన, తడి గుడ్డ వాసన. ఆ పెద్దావిడని అందరూ టీచరమ్మ అంటారు. పొడుగ్గా, బక్కగా ఉంటుంది. తెల్ల జుట్టుని బిగించి ముడి వేసుకుంటుంది. ఎప్పుడూ ఇస్త్రీ చేసిన చీరే. బళ్ళో రిటైరయ్యాక ఈ గది అద్దెకి తీసుకుందట. అక్కడే నేర్పుతుంది, లోపలి అరలో అక్కడే ఉంటుంది. సొంతవాళ్ళ గురించి ఎవరూ అడిగినట్టు లేదు, ఆవిడా చెప్పినట్టు లేదు.

ఆవిడ నేర్పే పద్ధతి నేను ఇంకెక్కడా చూడలేదు. మామూలుగా అయితే పెద్దవాళ్ళు పిల్ల చెయ్యి పట్టుకుని దిద్దిస్తారు కదా. ఈవిడ అలా కాదు. పెన్సిలు తను పట్టుకుంటుంది. పిల్ల తన అరచేతిని ఆవిడ చేతి వెనక భాగం మీద పెట్టాలి. దాన్ని సవారీ అంటుంది. మొదటి రోజు పిట్టతో అంది:

"ఎక్కు తల్లీ. గుర్రం నేను. నువ్వు తొయ్యకూడదు, లాగకూడదు. కళ్ళెం లాగావంటే కింద పడేస్తా."

పిట్ట చెయ్యి పెట్టింది. ఆవిడ చెయ్యి కదిలింది. పైకి లేచి, మడత తిరిగి, కిందికి దిగి, పక్క అక్షరాన్ని అందుకుని, ఆగకుండా గీత చివరి దాకా వెళ్ళింది. పిట్ట చెయ్యి దాని మీద కూర్చుని వెళ్ళింది. దారి తెలిసిందనుకున్నాక ఆవిడ పెన్సిలు పిల్లకిచ్చి తన చెయ్యి పైకి మార్చుతుంది, బరువు వెయ్యకుండా. ఆ తర్వాత పిల్లకి తెలియకుండానే తీసేస్తుంది. పిట్ట ఒక వరస తనంతట తనే రాసి, తల ఎత్తి చూసి, "గుర్రం ఏదీ?" అంది. ఆవిడ అప్పటికే కిటికీ దగ్గర నిలబడి ఉంది.

నేను ఎదురు కుర్చీలో కూర్చునేదాన్ని. పిల్లని దింపి వెళ్ళిపోవచ్చు, మిగతా తల్లులు అలాగే చేసేవాళ్ళు. నాకు భయం అని చెప్పుకున్నాను. నిజానికి భయం కాదు, ఆశ.

నేను చదివిన బడిలో గదికీ గదికీ మధ్య సగం గోడే ఉండేది. పై తరగతి వాళ్ళ బోర్డు పై సగం మాకు కనబడేది. దాని మీద అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకుని వెళ్తుండేవి. వచ్చే ఏడు మీకూ నేర్పుతారు అని పక్కపిల్ల చెప్పింది. వచ్చే ఏడు నేను బడికి వెళ్ళలేదు. అమ్మకి మంచం మీంచి లేవలేని జబ్బు చేసింది, తమ్ముళ్ళు చిన్నవాళ్ళు. లెక్కలు రాలేదనీ, చరిత్ర తెలియదనీ నాకు బాధ లేదు. అక్షరాలు కలపడం రాలేదన్నదే ముల్లులా ఉండిపోయింది. నేను రాస్తే అక్షరాలు బస్సు కోసం నిలబడ్డవాళ్ళలా ఉంటాయి. ఒకరి పక్కన ఒకరు, ఎవరికి ఎవరూ ఏమీ కారు.

అందుకని ఆ కుర్చీలో కూర్చుని, కొంగు కింద మోకాలి మీద వేలితో రాసుకునేదాన్ని. ఇంటికొచ్చాక వంటగట్టు మీద ఒలికిన నీళ్ళతో రాసేదాన్ని. ఎవరైనా వస్తే తుడిచేసేదాన్ని. ఒకసారి మా ఆయన చూసి, ఆ గట్టు అరిగిపోతుంది, ఎంతసేపు తుడుస్తావు అన్నారు. ఏం చేస్తున్నానో చెప్పలేదు. ఇంత వయసొచ్చి ఇదేం కోరిక అంటారేమోనని కాదు. అనరు. చెబితే అది చిన్నదైపోతుందనిపించింది. టీచరమ్మని, నన్నూ ఒక్కసారి ఎక్కించుకోండి అని అడగాలని మాత్రం ఎన్నిసార్లు అనుకున్నానో. పిట్ట చెయ్యి ఆవిడ చేతిమీద కదులుతుంటే నా అరచెయ్యి తిమ్మిరెక్కేది.

పిట్ట రాత కుదురుకుంది. అక్షరాలు తిరగబడటం మానేశాయి. క్లాస్ టీచరు మెచ్చుకుంది. అత్తయ్య కూడా ఆ కాగితం ఫోటో తీసి చుట్టాలందరికీ పంపింది, గుర్రపుస్వారీ సంగతి మర్చిపోయి.

అప్పుడు కనబడింది నాకు. పైకి లేచి మడత తిరిగే అక్షరాల దగ్గర, ఆ మలుపులో, గీత సన్నగా వణుకుతోంది. అన్నిచోట్లా కాదు, ఆ మలుపుల్లోనే. నీటి మీద గాలి వేసినట్టు చిన్న అలలు. మొదట పెన్సిలు బాగోలేదనుకున్నాను. కొత్తది కొన్నాను. అదే అల. బల్ల ఊగుతుందేమోనని కాలి కింద అట్ట మడిచి పెట్టాను. అదే అల. పాత కాగితాలు తీసి చూస్తే, ఏ నెలనుంచో మెల్లగా పెరుగుతూ వచ్చింది. ఇన్నాళ్ళూ ఎదురుగా కూర్చుని నేను ఏం చూశాను? మోకాలి మీద నా రాత నేను రాసుకుంటూ పిల్లని చూడలేదు.

అన్నం సయించలేదు. ఫోనులో వెతికాను. చేతులు వణికే జబ్బుల పేర్లు ఒకదాని కింద ఒకటి వచ్చాయి, ఒక్కటీ పలకలేను, ఒక్కటీ వదల్లేను. అత్తయ్య నన్ను చూసి ఈసారి ఎగతాళి చెయ్యలేదు. పద, నేనూ వస్తాను అంది.

డాక్టరు పిట్టని రెండు చేతులూ చాపమన్నాడు. వేళ్ళమీద కాగితం పెట్టాడు, అది కదల్లేదు. ముక్కు ముట్టుకోమన్నాడు, తన వేలు ముట్టుకోమన్నాడు. గీత గియ్యమంటే తిన్నగా గీసింది. సున్నా చుట్టమంటే చక్కగా చుట్టింది. అక్షరాలు విడివిడిగా రాయమన్నాడు, రాసింది, వణుకు లేదు. కలిపి రాయమన్నాడు. మలుపు దగ్గర అల వచ్చింది. డాక్టరు వంగి చూశాడు.

"ఇక్కడ ఎందుకమ్మా ఇలా వంకర తిప్పావు?"

"వంకర కాదు," అంది పిట్ట, ఆ మాత్రం తెలియదా అన్నట్టు. "ఈ అక్షరం ఇలాగే ఉంటుంది. ఇక్కడ ఊగాలి."

డాక్టరు నా వైపు తిరిగి, పాపకి ఏ జబ్బూ లేదు, ఈ రాత ఎవరు నేర్పుతున్నారు అని అడిగాడు.

బయటికొచ్చాక ఆసుపత్రి బెంచీ మీద కూలబడి ఏడ్చాను. ముందు ప్రాణం లేచొచ్చి ఏడ్చాను, తర్వాత ఇంకోలా ఏడ్చాను. టీచరమ్మ చెయ్యి వణుకుతోంది. నేను ఎదురుగా ఉన్నా కనబడలేదు, ఎందుకంటే రాసేటప్పుడు ఆ చేతిమీద ఎప్పుడూ ఎవరో ఒక పిల్ల చెయ్యి ఉంటుంది. ఆ పిల్లలందరూ ఆవిడ మలుపుల్నీ, కలుపుల్నీ, వణుకునీ ఒకటే శ్రద్ధగా నేర్చుకుంటున్నారు.

చెప్పాలా వద్దా అన్నది మా ఇంట్లో పెద్ద చర్చ అయింది. చెప్పాలన్నారు మా ఆయన. లిఫ్టు కుదుపుతుంటే మేం ఆపేసి బోర్డు తగిలిస్తాం, మనిషికి బోర్డు ఎలా తగిలించాలో మాత్రం నాకు తెలియదు అన్నారు. అత్తయ్య వద్దే వద్దంది. పిల్లని మానిపించు, ఏదో ఒక సాకు చెప్పు, ఆవిడకి ఆ చెయ్యి తప్ప ఇంకేముంది అంది. ఇద్దరి మాటా నిజమే. నేను ఇంకొకటి కూడా ఆలోచించాను, పైకి అనలేదు. చెబితే ఆ గది మూతపడుతుంది. ఆ కుర్చీ పోతుంది. నేను అడగాలనుకున్నది ఇక ఎప్పటికీ అడగలేను.

అయినా వెళ్ళాను. పిట్ట స్కూల్లో ఉన్న వేళ చూసుకుని వెళ్ళాను. ఒక్కదాన్నే వచ్చేసరికి ఆవిడ ఆశ్చర్యపోయింది. పిల్లకి ఒంట్లో బాగోలేదా అని అడిగింది. బాగానే ఉందండీ, డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు అని, అంతవరకే చెప్పగలిగాను. పిట్ట రాసిన కాగితం బల్ల మీద పెట్టాను. ఆవిడ దాన్ని కిటికీ వెలుతురులోకి తీసుకెళ్ళింది. కింద మిషను గీ మంటూ ఆగింది, మళ్ళీ మొదలైంది. కాగితం ఆవిడ చేతిలో టపటపలాడుతోంది. గాలి లేదు.

"ఇది నా చెయ్యి," అంది.

నేను తలదించుకున్నాను.

"ఒక్కదాన్నే ఉన్నప్పుడు వణుకుతోందని తెలుసమ్మా. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు ఒలుకుతున్నాయి. పిల్ల చెయ్యి మీద పడగానే ఆగిపోతోందనుకున్నా. నిజంగా ఆగినట్టే ఉండేది నాకు." నవ్వింది. "ఎంత మర్యాదస్తులు చూడు పిల్లలు. దారిలో గుంతలుంటే గుంతలతో సహా నేర్చుకున్నారు. ఒక్కళ్ళూ అడగలేదు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ నన్ను ఎదురు కుర్చీలో కూర్చోబెట్టి, తను బెంచీ మీద కూర్చుని, నా ఎదుట కాగితం పెట్టి, నువ్వు ఇన్నాళ్ళూ మోకాలి మీద ఏం రాస్తున్నావో ఇప్పుడు దీనిమీద రాసి చూపించు అంది. చూస్తూనే ఉందన్నమాట. నాకు సిగ్గుతో చెవులు కాలాయి. పెన్సిలు తీసుకున్నాను. కాగితాన్ని అలవాటుకొద్దీ ఒకసారి సర్దుకుని, కుడి చివర అడుగునుంచి మొదలుపెట్టాను.

ఆవిడ కళ్ళద్దాలు సవరించుకుని చూసింది. తర్వాత పకపకా నవ్వింది. ఆ గదిలో అంత నవ్వు నేనెప్పుడూ వినలేదు.

"తలకిందులుగా రాస్తున్నావేంటే పిల్లా!"

ఎదురుకుర్చీలోంచి చూసి నేర్చుకున్నాను కదా. నాకు అక్షరాలన్నీ తలకిందులుగానే వచ్చు, చివరి నుంచి మొదటికి. వంటగట్టు మీద నీళ్ళకి తలా కాలూ ఉండవు కాబట్టి అది నాకెప్పుడూ తెలియలేదు. నేనూ నవ్వాను, ముక్కు తుడుచుకుంటూ. ఆవిడ నా కాగితాన్ని తిప్పకుండానే తన వైపునుంచి చదివింది. తప్పులు లేవు, వణుకూ లేదు, మనిషే అటువైపు ఉండిపోయింది అంది. బెంచీ మీద జరిగి నాకు చోటిచ్చింది.

"రా. ఎక్కు."

నేను అడగలేదు. నా అరచెయ్యి ఆవిడ చేతిమీద పెట్టాను. చర్మం పల్చగా, వెచ్చగా ఉంది. కింద నరాలు కదులుతున్నాయి. ఏం రాద్దాం అని అడిగింది. ఏమీ తోచక నా పేరు చెప్పాను. ఆవిడ చెయ్యి బయల్దేరింది. మొదటి మలుపు దగ్గర వణుకు వచ్చింది, నా వేళ్ళలోకి, మణికట్టులోకి ఎక్కింది. నేను బరువు వేసి ఆపుదామనుకున్నాను. తొయ్యకూడదు అన్నది గుర్తొచ్చి వదిలేశాను. నా పేరులో అక్షరాలు అలా ఊగుతూ ఊగుతూ ఒకదాన్నొకటి అందుకుని చివరిదాకా వెళ్ళాయి. నాకు అది అయిపోకూడదనిపించింది. నా పేరు ఇంకొంచెం పొడుగ్గా ఉంటే బాగుండేది.

ఆ వారమే ఆవిడ పాఠాలు ఆపేసింది. చేతికి సెలవిచ్చాను అని తల్లులందరికీ చెప్పింది. వాళ్ళు అయ్యో అన్నారు, అంతే. ఎలాగూ ఇప్పుడెవరు రాస్తున్నారండీ అని ఒకామె అంటుంటే నేను విన్నాను. నేను మాత్రం వెళ్తూనే ఉన్నాను. నీళ్ళు పట్టి ఇచ్చేదాన్ని, బెంచీ మీద ఆవిడ పక్కన కూర్చుని రాసేదాన్ని, ఈసారి తిన్నగా. పిట్ట పక్కన కూర్చుని ఇద్దరికీ తప్పులు పట్టేది. తర్వాత మా ఆయనకి బదిలీ అయింది. ఇక్కడ మేడలు ఇంకా ఎత్తు, లిఫ్టులు ఇంకా ఎక్కువ.

ఇప్పుడు సాయంత్రాలు పిట్టని నేనే ఎక్కించుకుంటాను. దాని రాతలో ఆ అల ఇంకా ఉంది. కొత్త స్కూలు టీచరు అది పోగొట్టాలన్నది. పోగొట్టడానికే కూర్చోబెడతాను. నా చెయ్యి తిన్నగానే వెళ్తుంది. నిన్న పిట్ట సగంలో దిగిపోయింది.

"నీ చెయ్యి బాగోలేదమ్మా. ఊగట్లేదు."

నాకూ బాగోలేదు. ఆ అల పూర్తిగా పోతే, ఆవిడ మా ఇంట్లోంచి పూర్తిగా వెళ్ళిపోతుందనిపిస్తుంది. అందుకని పెన్సిలు పక్కన పెట్టి, ఇవాళ్టికి చాలు అన్నాను.

టీచరమ్మకి ఫోను లేదు. తాళంచెవులాయనకి ఫోను చేస్తే మొదట్లో, నడిచిన చప్పుడు వినబడుతూనే ఉందమ్మా అనేవాడు. ఈమధ్య అడిగితే, మిషను రొదలో గమనించలేదు, కిటికీ మూసే ఉంటోంది, నా మోకాళ్ళకి ఆ మెట్లు ఎక్కలేను అంటున్నాడు. నాకు మళ్ళీ నెలలు నిండుతున్నాయి, ప్రయాణం వద్దన్నారు. మా ఆయనకి సెలవు దొరకడం లేదు. అత్తయ్య కూడా, ఎవరినైనా పంపి కనుక్కోరాదూ అని రోజూ అడుగుతోంది.

అందుకే ఇది రాస్తున్నాను. మా పాత ఊళ్ళో, బస్ డిపో వెనక గోడ పొడుగునా వెళ్తే వచ్చే వీధిలో, తాళంచెవుల షాపు మీద గది. మీలో ఎవరైనా ఆ దగ్గర్లో ఉంటే దయచేసి ఒక్కసారి పైకెళ్ళి ఆవిడని చూసి రండి. తలుపు కొట్టాక జవాబు రాలేదని వెంటనే దిగిపోకండి. గడియ తియ్యడానికి ఆ చేతికి చాలాసేపు పడుతుంది. అక్కడే నిలబడండి.